బాలింత పాలు – పెరటి మూలికలు

(గ్రంథాలయ రజతోత్సవముల సందర్భమున స్త్రీల సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు బీరువాలో వైద్యమునకు సంబంధించిన పుస్తకములు ఒక అర నిండ కలవు. వానిలో మిక్కిలి నలిగినది గృహవైద్యపు పుస్తకము. అందును బాలింతల ప్రకరణముననే పసుపుచేతుల గుర్తులు అధికముగ కనిపించును. ఈ పుస్తకమును చదువరులు ఇంటికి కొనిపోవునది కాలక్షేపమునకు గాదు. ఏ ఇంటనో బిడ్డ యేడ్చుచున్నది, పాలు చాలుటలేదని తల్లి భయపడుచున్నది, ఏ వేరు నూరి పోయవలెనో చూచి రమ్మని ఎవరినో పంపిరి అని ఆ మరకలే చెప్పుచున్నవి. నేటి ఉపన్యాసమునకు విషయము ఆ మరకలే.

ముందుగా ఒక యింటి ముచ్చట. ఊరు పేరుతో పనిలేదు. ఇట్టి యిల్లు ప్రతి వీధిని ఉండును. తొలి కాన్పు, పుట్టింట పురుడు. మగబిడ్డ; పుట్టినప్పుడు మూడు కిలోల తూకము. పదవనాటికి బిడ్డ యేడుపు ఇల్లంత వినబడుచుండెను. ఆనాడు చూడవచ్చిన అత్తగారు మంచపుకోడున కూర్చుండి, "మా యింట్లో ఎవరికీ పాలకు కరువు లేదమ్మా. మా అమ్మాయికైతే రవికలు తడిసిపోయేవి" అని ఒక మాట అనెను. చెడ్డ మనసుతో అన్న మాట కాకపోవచ్చును. కాని ఆ రాత్రి నుండి ఆ పిల్ల గోడవైపు తిరిగి ఏడ్చుట మొదలుపెట్టెను. మరునాడు అమ్మమ్మ తెలకపిండి కూర వండెను. పొరుగామె నానబాలు మొక్కను పెరికి తెచ్చి పసరు తీసెను. మేనమామ పట్నమునుండి శతావరి పొడి డబ్బా తెచ్చెను. రెండు దినములలో మూడు మందులు. పండ్రెండవనాడు బిడ్డ యేడుపు మానెను. కన్ను తెరువక నిద్రించుచుండెను. "మందు పట్టింది" అని ఇంటిల్లిపాదియు సంతోషించిరి. ఆ నిద్ర యెట్టిదో తరువాత చెప్పబడును.

పాలు పడుటకు మందులు వెదకుట నేటి వెర్రి కాదు. చరకసంహిత సూత్రస్థానమున నాలుగవ అధ్యాయమునందు ఏబది కషాయవర్గములు చెప్పబడినవి. ఒక్కొక్క వర్గమునకు పదేసి ద్రవ్యములు. వానిలో స్తన్యజననము, అనగా పాలను పుట్టించునది, ఒక వర్గము; స్తన్యశోధనము, అనగా చెడిన పాలను బాగుచేయునది, వేరొక వర్గము. శోధన వర్గమున శొంఠి, తుంగముస్తెలు, తిప్పతీగ, సుగంధిపాల మొదలగునవి కలవు. మన బాలింతకాయమున శొంఠికి గల పెద్దరికమునకు మూలము అచ్చటనే యుండవచ్చును. జనన వర్గమును చూచినచో వింతగ తోచును. వట్టివేరు, వరి, అరువది దినముల వరి, దర్భ, కుశ, రెల్లు మొదలుగా ఆ పదియు గడ్డిజాతులే. వాని వేళ్ళే గ్రాహ్యములు. నేడు ప్రతి అంగడిలోను పాలమందుగ అమ్ముడుపోవు పిల్లిపీచర, అనగా శతావరి, ఆ పదింటిలో లేదు. గడ్డి మేసి ఆవు పాలిచ్చుట చూచి ఋషులు గడ్డివేళ్ళను ఏరిరేమో అని ఎవరైన నవ్వులకు అనవచ్చును. అది ఊహయే గాని శాస్త్రము గాదు.

శతావరి సుశ్రుతమున కనిపించును. శారీరస్థానము పదవ అధ్యాయమున సుశ్రుతుడు పాలు ఎండిపోవుటకు హేతువులు చెప్పుచు క్రోధము, శోకము, బిడ్డయెడ వాత్సల్యము లేకుండుట అను మూడింటిని పేర్కొనెను. తిండి తక్కువయగుట ఆ వాక్యమున ముందు రాలేదు. పిమ్మట పాలు కలుగుటకు ఏమి చేయవలెనో చెప్పుచు ద్రవ్యములకంటె ముందుగ సౌమనస్యమును, అనగా మనస్సునకు నెమ్మదిని, కలిగింపవలెననెను. తరువాతనే పట్టిక వచ్చును: యవలు, గోధుమలు, వరి, మాంసరసము, చేపలు, వెల్లుల్లి, తామరతూడు, నేలగుమ్మడి, అతిమధురము, శతావరి, ఆనుగము, పిణ్యాకము ఇత్యాదులు. ఆనుగమనగా మన సొరకాయయే. పిణ్యాకమనగా నువ్వులనుండి నూనె తీయగా మిగిలిన పిండి. గోదావరి కృష్ణా మండలములలో ముసలమ్మలు బాలింతకు మునగాకు కలిపి వండి పెట్టు తెలకపిండియే అది. సంస్కృతమున అక్షరమైనను ఎరుగని అమ్మమ్మ వంటింటిలో సుశ్రుతుని పట్టిక నిలిచి యున్నది. ఐతే పట్టికకు ముందున్న మొదటి మాట మాత్రము వంటింటినుండి జారిపోయినది. తెలకపిండి వండి పెట్టిన చేతితోనే "నీకు పాలు లేవే" అని దెప్పుట ఎన్ని యిండ్ల వినబడుటలేదు!

నిదానస్థానమున సుశ్రుతుడే ఇంకొక మాట చెప్పెను. బిడ్డను తాకుటవలనను, చూచుటవలనను, తలచుకొనుటవలనను పాలు ప్రవహించుననియు, ఎడతెగని స్నేహమే ఆ ప్రవాహమునకు హేతువనియు దాని భావము. బావికడ నున్న తల్లికి ఇంటిలో బిడ్డ యేడ్పు వినబడగనే పైట తడియుట ఎరుగని ఆడుది ఉండదు. ఇది కవిత్వమని కొందరు అనుకొందురు. కాదు, శరీరధర్మమే.

ఆ ధర్మమును ఈనాటి శాస్త్రము విడమరచి చెప్పినది. బిడ్డ రొమ్ము పట్టి చప్పరించినప్పుడు ఆ స్పర్శ నరములగుండ మెదడునకు చేరును. మెదడు క్రింద నుండు చిన్న గ్రంథినుండి రెండు రసములు రక్తమున కలియును. ప్రొలాక్టిన్ అనునది పాలను పుట్టించును. ఆక్సిటోసిన్ అనునది పుట్టిన పాలను వెలికి త్రోయును. మొదటిది రాత్రివేళ అధికము. కావున రాత్రులు పాలిచ్చుట మానరాదు. రెండవది భయమువలనను, నొప్పివలనను, అవమానమువలనను బిగబట్టుకొనును. పాలు ఉండియు రాకపోవుట అప్పుడే. క్రోధశోకములను గూర్చి సుశ్రుతుడు చూచినది ఇదియే. అంతియేగాక, నిండియున్న రొమ్ము తన పనిని తానే నెమ్మది చేసికొనును. ఖాళీయైన రొమ్ము త్వరపెట్టును. లోకమునందలి ఏ పద్దునందైనను ఖర్చు పెరిగిన నిలువ తగ్గును. తల్లిపాల పద్దు ఒక్కటియే తలక్రిందులు. ఎంత ఖర్చు వ్రాసిన అంత జమ పడును. "సాయంత్రానికి దాచుకుందాం, ఇప్పుడు నీళ్ళు పట్టండి" అని ఆదా చేసిన యింట జమయు తరిగిపోవును.

కావున ఏ మూలికకైనను పాలు తీయు బిడ్డయే అనుపానము. దినమునకు ఎనిమిదినుండి పండ్రెండు పర్యాయములు బిడ్డ రొమ్ము కుడువవలెను. చనుమొన మాత్రమే గాక దాని చుట్టు నల్లని భాగము చాలవరకు బిడ్డ నోట నుండవలెను. బిడ్డ గడ్డము రొమ్మునకు ఆనవలెను. ఇట్లు పట్టనిచో మొన చీలి తల్లికి నొప్పియు, బిడ్డకు ఆకలియు మిగులును. పోతన భాగవత దశమస్కంధమున యశోద కృష్ణునకు పాలిచ్చుచు, పొయ్యిమీది పాలు పొంగుచున్నవని బిడ్డను నడుమ దించి పరుగెత్తినది. బాలుడు కినిసి కుండ పగులగొట్టినాడు. మన యిండ్ల బిడ్డలు కుండలు పగులగొట్టలేరు గనుక ఆ ఆకలి ఎవరికిని తెలియదు.

ఇక పెరటి మూలికలు. తెలకపిండితో ఆరంభించుట న్యాయము. అందు మాంసకృత్తులు, సున్నము, ఇనుము కలవు. బాలింతకు ఇవి కావలసినవే. అది మందుగ పనిచేసినను చేయకపోయినను అన్నముగ తప్పక పనిచేయును. ఐతే గానుగకడ తెచ్చిన తాజా పిండియే వంటకు యోగ్యము. పశువుల దాణాకై నిలువయుంచి అమ్మునది పనికిరాదు. బూజుపట్టిన పిండియందు పుట్టు విషము తల్లి తిన్నచో ఆమె పాలలోనికిని దిగును. మునగాకు, వెల్లుల్లి, సొరకాయ, బీరకాయ, సముద్రతీరపు పల్లెలలో వండు పాలసొర చేప, ఇవన్నియు ఇట్టి తరగతిలోనివే, భోజనముగ మేలు. వెల్లుల్లి వాసన పాలకు అంటుననుమాట నిజము. దానికి బిడ్డలు విముఖులు కారు.

మెంతుల సంగతి వేరు. వంటలో వేయు చిటికెడు మెంతులకును, మందుగ దినమునకు గుప్పెడు నానబెట్టి తినుటకును భేదము కలదు. ఎక్కువగ తిన్నచో కొందరికి విరేచనములగును; చెమటకును మూత్రమునకును ఒక తియ్యని వాసన పట్టును. రక్తమున చక్కెరను తగ్గించు గుణము దానికి గలదు గనుక మధుమేహమునకు మందు వాడు తల్లి వైద్యుని అడుగక దాని జోలికి పోరాదు. రక్తము పలుచబడు మందులు వాడువారికిని అంతే. వేరుసెనగ, సెనగ సరిపడనివారికి మెంతులును సరిపడకపోవచ్చును. అవన్నియు ఒకే కుటుంబపు పంటలు. గర్భిణులు మందు మోతాదున దానిని తినరాదు.

శతావరిని గూర్చి పెద్ద మాటలు వినబడుచున్నవి. పరీక్షలు ఏమి చెప్పినవో చూడవలెను. 1996లో ప్రచురింపబడిన ఒక భారతీయ పరీక్షయందు పాలు చాలని తల్లులలో కొందరికి శతావరి గల మందును, కొందరికి ఉత్త పొడిని, ఎవరికేది యిచ్చిరో తెలియనీయక యిచ్చి చూచిరి. భేదము కనిపించలేదు. 2011లో ప్రచురింపబడిన ఇంకొక పరీక్షయందు 60 మంది తల్లులలో శతావరి తిన్నవారికి ప్రొలాక్టిన్ హెచ్చినది. ఒకటి లేదన్నది, ఒకటి కలదన్నది. 2020లో కోక్రేన్ అను అంతర్జాతీయ పండితసంఘము పాలమందులను గూర్చిన 41 పరీక్షలను, 3005 మంది తల్లుల వివరములను ఒకచోట చేర్చి తూచినది. మూలికలవలన కొంత మేలు ఉండవచ్చును గాని ఆ సాక్ష్యము మిక్కిలి బలహీనమని తేల్చినది. సాక్ష్యము బలహీనమన్న మాటకు మందు వ్యర్థమని అర్థము కాదు. దానినే నమ్మి బిడ్డను ఆకలితో ఉంచరాదని మాత్రము తప్పక అర్థము.

డబ్బాలోని పొడి కొనువారు దానిపై అక్షరములను చదువవలెను. కొన్నిట మూలికకంటె చక్కెర హెచ్చు. 2008లో అమెరికా వైద్యపత్రికయందు ప్రకటితమైన ఒక శోధనలో, అంతర్జాలము మూలమున కొన్న 193 ఆయుర్వేద మందులలో ఐదింట ఒక వంతునకు సీసము గాని, పాదరసము గాని, ఆర్సెనిక్ గాని ఉన్నట్లు తేలినది. ఇది ఆయుర్వేదమునకు నింద కాదు. మందు చేయువాని శుచికి నింద. బాలింత తిన్న సీసము పాలగుండ బిడ్డకు చేరును. పేరులేని పొట్లములు కొనరాదు. పోనీ, అడవికి పోయి తామే గడ్డలు త్రవ్వుకొందమన్నచో అక్కడను ఒక చిక్కు గలదు. పిల్లిపీచర యుండు పొదలలోనే అడవినాభియు అల్లుకొనును. దాని పువ్వు అగ్నిజ్వాలవలె సుందరము. దాని దుంప ప్రాణాంతకము. పువ్వు లేని కాలమున దుంపలను పోల్చుకొనుట చేయి తిరిగినవారికే సాధ్యము.

నానబాలు మొక్కను త్రుంచిన పాలు కారును. కావున అది తల్లికి పాలు పుట్టించునని నమ్మకము. పోలికనుబట్టి చికిత్స చేయుట అన్ని దేశములందును కలదు. కాని త్రుంచిన పాలు కారుట జిల్లేడునకును కలదు, బొమ్మజెముడునకును కలదు. వానిని ఎవరును బాలింత నోట పోయరు. కంట పడిన కన్ను పోవునని పిల్లవాండ్రకు సైతము తెలియును. నానబాలు పాలును చర్మమును మండించునదే. ఈ పసరును మానుట మేలు.

పాలు పుట్టించు మూలికలను గూర్చి ఇంతగా చెప్పి, పాలను ఎండించు పువ్వును మరచుట తగదు. బిడ్డ పోయిన తల్లికి రొమ్ములు గడ్డకట్టి బాధించునప్పుడు పెద్దముత్తైదువలు మల్లెపూల దండలను రొమ్ములపై కట్టుదురు. పూజకును జడకును వాడు పువ్వు ఆ దినమున ఆ పనికి వచ్చును. 1988లో ప్రచురింపబడిన ఒక పరిశోధనయందు ఈ మల్లెపూల కట్టును పాలను ఆపు మాత్రతో పోల్చి చూచి, పాలు తగ్గించుటలో అది మాత్రకు సాటిగ నిలిచినదని వ్రాసిరి. ముసలమ్మల మాట అన్నిచోట్ల కొట్టివేయదగినది కాదనుటకు ఇది ఒక నిదర్శనము. పాలిచ్చు తల్లి రొమ్ములకు మల్లెలు కట్టరాదని దీనినుండియే తెలియుచున్నది.

పూర్వగ్రంథములయందు గౌరవము గలవారు వాని పొరపాట్లను దాచరాదు. ప్రసవమైన మూడవ లేక నాలుగవ రాత్రి పాలు దిగునని సుశ్రుతుడు సరిగనే చూచెను. కాని అంతవరకు బిడ్డకు తేనెయు నేయియు నాకింపుమనెను. ఆ నడుమ ఊరు ముర్రుపాలను విడిచిపెట్టుట మన పల్లెలలో చాల కాలము జరిగినది. నేటికిని కొన్ని యిండ్ల పిండి పారబోయుచున్నారు. చిక్కగ, పచ్చగ ఉండు ఆ పాలు రోగములను ఆపు శక్తి గలవి. మొదటిదినమున పర్యాయమునకు చెంచాడు వచ్చిన చాలును. బిడ్డ కడుపు పట్టునది అంతయే. "చెంచాడే వచ్చెను" అని విచారించుటవలననే సగము మందులు ఇంట ప్రవేశించుచున్నవి. పుట్టిన గంటలోపల బిడ్డను రొమ్మునకు చేర్పవలెను. తేనె మాటకు వచ్చినచో, ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్కైనను నాకింపరాదు. అందు దాగియుండు ఒక సూక్ష్మజీవి బీజములు శిశువు ప్రేవులలో మొలకెత్తి అవయవములను చచ్చుపరచు విషము పుట్టించును. ఈ సంగతి సుశ్రుతుని కాలమున తెలియుటకు వీలులేదు. నేడు తెలిసి చేసినచో తప్పు సుశ్రుతునిది కాదు. అట్లే ఆ పట్టికయందు సురయు కలదు. దానిని ఆధారము చేసికొని కొందరు బాలింతకు బ్రాందీ పోయుదురు. మద్యము ఆక్సిటోసిన్‌ను అణచునని, బిడ్డకు చేరు పాలు తగ్గునని నేటి పరీక్షలు చూపినవి. పట్టికలోని తెలకపిండిని ఉంచుకొని సురను విడుచుట ధర్మమే.

పథ్యమను పేరుతో జరుగునది మందులకంటె పెద్ద సంగతి. కొన్ని యిండ్ల బాలింతకు దాహమిచ్చుటకు వెఱతురు; నీరు త్రాగిన పొట్ట పెరుగునందురు. పెరుగు, పండ్లు, పప్పు నిషేధించి కారపుపొడితో పాత బియ్యపు అన్నము పెట్టుదురు. 1918లో కూనూరున ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారి లెక్కప్రకారము, పాలిచ్చు తల్లికి మొదటి ఆరు మాసములు దినమునకు 600 కెలోరీల తిండి అదనముగ కావలెను. అనగా ఇంచుమించు ఒక పూట భోజనము. మామూలుగ తిను తిండిలో సగము తగ్గించి, దానిపై చెంచాడు శతావరి వేసిన లెక్క ఎట్లు సరిపడును? దాహమైనప్పుడెల్ల నీరు త్రాగవలెను. బలవంతముగ బిందెలు త్రాగించినను పాలు హెచ్చవు. అంగన్‌వాడీలో బాలింతకు ఇచ్చు గ్రుడ్డు, పప్పు ఆమెకే పెట్టవలెను. ఇంటిలోని పెద్దపిల్లలకు పంచుట తగదు.

అసలు పాలు చాలుచున్నవో లేవో తెలియుట ఎట్లు? రొమ్ము బిగువును చూచి చెప్పరాదు. కొన్ని వారములకు రొమ్ము మెత్తబడుట సహజము. ఏడుపును చూచియు చెప్పరాదు. రెండు మూడు వారములప్పుడును, ఆరు వారములప్పుడును బిడ్డలు మాటిమాటికి రొమ్ము కోరుదురు. అది పెరుగుదల వేళ, పాలు పోయిన వేళ కాదు. ఆ దినములలో మందుకై పరుగెత్తక బిడ్డను రొమ్మునకు పట్టిన రెండు మూడు దినములకు జమ హెచ్చును. చూడవలసినది గుడ్డ. అయిదవనాటినుండి రాత్రింబవళ్ళలో ఆరు గుడ్డలైన తడియవలెను. మూత్రము తేటగ ఉండవలెను. తరువాత చూడవలసినది త్రాసు. మూడు కిలోల బిడ్డ తొలి దినములలో 200 గ్రాములవరకు తగ్గుట వింత గాదు. రెండు వారములకు పుట్టిననాటి తూకము మరల రావలెను. అటుపై వారమునకు 150 గ్రాములకు తక్కువగాక పెరుగవలెను.

నిజముగనే పాలు తక్కువయగు తల్లులును కలరు. మాయముక్క లోపల మిగిలిపోయిన వారు, కాన్పున రక్తము మిక్కిలి పోయినవారు, థైరాయిడ్ వ్యాధి గలవారు, రొమ్మునకు శస్త్రచికిత్స జరిగినవారు, ఈస్ట్రోజను గల సంతాననిరోధక మాత్రలు వాడువారు ఇందలివారు. వీరికి మూలికలు వెదకుచు దినములు గడపుట అపకారము. హేతువును వైద్యుడు కనుగొని చికిత్స చేయవలెను. చేసినను చాలనిచో బిడ్డకు వైద్యుడు చెప్పిన ఇతర పాలు పట్టుట తల్లికి లోపము గాదు. ఎవరును దానిని లోపముగ ఎంచరాదు.

కూలికి పోవు తల్లి మాట ఈ సభలో రాకుండుట న్యాయము గాదు. నాట్లకో, కోతలకో పొద్దున పోయి పొద్దు వాలిన పిమ్మట వచ్చునామెకు పాలు తగ్గుట మూలిక లేకపోవుటచే గాదు; పది గంటలు పాలు తీయువారు లేకపోవుటచే. చేతులు సబ్బుతో కడిగికొని, శుభ్రమైన గిన్నెలోనికి చేతితోనే పాలు పిండి ఇంట ఉంచి పోవచ్చును. చల్లని తావున నాలుగు గంటలు నిలుచును. మన యెండకాలమున అంతసేపు నమ్మరాదు. పొలము దగ్గరనైనను మధ్యాహ్నము ఒకసారి పిండివేసిన జమ నిలుచును. బిడ్డకు పట్టుటకు పాలపీకకంటె మన ఉగ్గుగిన్నె శ్రేష్ఠము. కడుగుట సులభము, మూలలు లేవు, పీకకు అలవాటుపడి బిడ్డ రొమ్మును విడుచు భయమును లేదు. అటకమీద మూలబడిన ఉగ్గుగిన్నెలను దింపి తోమింపవలెను. ఉగ్గును మాత్రము ఆరు మాసములు నిండువరకు అందు పోయరాదు.

ఇక ఆ యింటి బిడ్డ నిద్ర. పదమూడవనాటి ఉదయమున నర్సమ్మ తూకము చూచుటకు వచ్చెను. బిడ్డను ఎత్తగనే ఆమె ముఖము మారినది. అమ్మమ్మవైపు తిరిగి, "అమ్మమ్మగారూ, నిన్న తెల్లారినకాడి నుంచి ఎన్ని గుడ్డలు తడిపాడు?" అని అడిగెను.

"ఎక్కడమ్మా, రెండే. పాలు బాగా పట్టి మత్తుగా నిద్రపోతున్నాడు గదా."

"నిద్ర కాదమ్మమ్మగారూ. ఏడవటానికి ఓపిక లేక పడుకున్నాడు."

తూగిన బిడ్డ రెండు కిలోల ఆరువందల గ్రాములు. నర్సమ్మ 108 బండిని పిలిపించి తల్లీబిడ్డలను ఆసుపత్రికి చేర్చెను. అక్కడ అడుగగా తెలిసిన సంగతి ఇది. నాలుగు గంటలకొకసారియే పాలిచ్చుచుండిరి. నడుమ పంచదార నీళ్ళు. రొమ్ము చీలి యుండుటచే తల్లి నొప్పికి ఓర్వలేక బిడ్డను త్వరగ దించుచుండెను. బిడ్డకు తల్లిపాలనే పిండి గిన్నెతో పట్టిరి. పాలు చాలువరకు వైద్యుడు చెప్పిన మేరకు పైపాలు కలిపిరి. బిడ్డను పట్టుకొను తీరును సరిచేసి, రెండు గంటలకొకసారి రొమ్మునకు చేర్చిరి. పంచదార నీళ్ళు మానిపించిరి. అత్తగారు ఆసుపత్రికి వచ్చి మంచము ప్రక్కన కూర్చుండి, ఈసారి పాల మాట యెత్తక, కోడలి తల దువ్వి జడ వేసెను. అయిదవనాటికి గుడ్డలు ఏడు తడిసినవి. నెల నిండునాటికి బిడ్డ మూడున్నర కిలోలు తూగెను.

"చూశావా అమ్మా, నా తెలకపిండి ఊరికే పోలేదు" అని అమ్మమ్మ నర్సమ్మతో అనెను.

"పోలేదు అమ్మమ్మగారూ, ఇంకా వండి పెట్టండి. పసరు మాత్రం వద్దు" అని నర్సమ్మ గుడ్డల లెక్క వ్రాసిన కాగితమును మడిచి ఆమె చేతికే యిచ్చెను.